ఉమ్మడి గీత

రెండు అరచేతులు పక్కపక్కన పెడితే కప్పేసేంత చిన్న కాగితం. మధ్యలో కొన్ని పెన్సిల్ గీతలు. లెక్కపెట్టాలనుకుంటే కూర్చుని లెక్కపెట్టేయొచ్చు, అన్నే ఉంటాయి. ఒక సీసా, దాన్ని ఆనుకుని రెండు డబ్బాలు, ముందు పొట్టిగా ఒక గిన్నె. కింద ‘మొరాండీ’ అని సంతకం. సంతకానికి పట్టినంత సీసం గిన్నెకు పట్టి ఉండదు. ఇంట్లో ఎవరికైనా చూపిస్తే ‘బానే ఉంది, మిగతాది ఎప్పుడు గీస్తాట్ట?’ అంటారు.

జోర్జో మొరాండీ (1890-1964) ఇటలీలోని బొలోన్యాలో పుట్టి, అక్కడే బతికి, అక్కడే పోయినవాడు. చివరి ఐదారేళ్లలో ఇలాంటి కాగితాలు చాలానే గీశాడు. వేటికీ విడిగా పేర్లు లేవు, అన్నీ ‘నిశ్చల చిత్రం’ అనే పేరుతోనే చెలామణీ అవుతాయి. వస్తువులూ అవే, కూర్చున్న తీరూ కాస్త అటూఇటూగా అదే. అందుకే వాటిలో తరచూ కనిపించే అమరిక ఒకటి పట్టుకుని మాట్లాడితే తక్కినవాటి గురించి సగం చెప్పినట్టే అవుతుంది. లోకం ఆయన్ని గుర్తు పెట్టుకున్నది తైలవర్ణాల వల్ల. ఆ లేత మట్టిరంగుల సీసాలు కేలండర్ల మీదికీ కాఫీ కప్పుల మీదికీ కూడా ఎక్కాయి. పెన్సిల్ పనిని మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. నాకు ఆయన అసలు చెయ్యి ఇందులోనే దొరుకుతుంది.

ముందు సీసా చూడండి. మూతి దగ్గర మొదలైన గీత మెడ మీదుగా దిగి, భుజం తిరిగే చోట ఆగిపోతుంది. తర్వాత కొంతమేర ఏమీ లేదు, ఒట్టి కాగితం. మళ్లీ కడుపు దగ్గరెక్కడో గీత అందుకుని అడుగుదాకా వెళ్తుంది. మధ్యలో గీయని ఆ ముక్కలో సీసా అంచు ఉందా లేదా అన్న అనుమానం మనకు రానే రాదు. పై ముక్క ఏ వాలులో ఆగిందో, కింది ముక్క ఏ వాలులో ఎత్తుకుందో చూసుకుని కన్ను ఆ రెంటినీ తనే కలిపేసుకుంటుంది. ఇది తేలిక అనుకుంటే ఒక కాగితం తీసుకుని ప్రయత్నించండి. గీత కాస్త ముందే ఆగితే సీసా విరిగినట్టు ఉంటుంది. కాస్త ఆలస్యంగా ఆగితే ఆ ఖాళీ పొరపాటున వదిలేసినట్టు ఉంటుంది. సరిగ్గా ఆగితే అక్కడ వెలుతురు పడ్డట్టు ఉంటుంది. మొరాండీ గీతలు ఆగే చోటల్లా కిటికీ వైపు నుంచి వెలుగు వస్తున్న సంగతి తెలుస్తూనే ఉంటుంది, కిటికీని గీయకపోయినా.

ఇక సీసాకూ పక్కనున్న డబ్బాకూ మధ్య సంగతి. రెండూ తగులుకుని ఉన్నాయి. మామూలుగా గీసేవాళ్లు ముందున్న వస్తువును పూర్తిగా గీసి, వెనకదాని గీతను తెచ్చి దానికి తగిలించి ఆపుతారు. ఎవరు ముందో ఎవరు వెనకో చూడగానే తెలిసిపోతుంది. మొరాండీ ఆ తేడా చెప్పడు. రెంటి మధ్యా ఒక్కటే గీత దించుతాడు. పాత వీధుల్లో రెండిళ్ల మధ్య ఉండే ఉమ్మడి గోడ లాంటిదది. ఇద్దరికీ హక్కుంది, ఏ ఒక్కరూ తమదే అనలేరు. సీసాను చూస్తున్నంతసేపూ ఆ గీత సీసాది. చూపు డబ్బా మీదికి జరగగానే డబ్బాది. అలా చూపు అటూ ఇటూ తిరుగుతున్న కొద్దీ వస్తువులు కొంచెం ముందుకు వస్తాయి, కొంచెం వెనక్కి తగ్గుతాయి. కదలని వస్తువుల బొమ్మలో ఉన్న కదలికంతా ఈ ఒక్క గీత వల్ల వచ్చిందే.

నీడ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. వస్తువు గట్టిది, నీడ మెత్తనిది కాబట్టి వస్తువు అంచు గట్టిగా, నీడ అంచు లేతగా గీయాలని మనకు చెబుతారు. ఇక్కడ రెండూ ఒకే బరువు. గిన్నె పక్కన ఏటవాలుగా ఒక ఆకారం ఉంటుంది. మొదట అది ఇంకో డబ్బా మూత అనుకుంటాం. కాసేపటికి, అది గిన్నె నీడ కాబోలు అనిపిస్తుంది. కొన్ని కాగితాల్లో ఎంతసేపు చూసినా తేలదు. డబ్బాల నడుమ సందు కూడా అంతే. అటొక గీత, ఇటొక గీత మధ్య ఆ ఖాళీయే సన్నగా పొడుగ్గా ఉన్న ఒక వస్తువులా నిలబడుతుంది. వస్తువుకూ నీడకూ సందుకూ సమానమైన మర్యాద. ఈ మర్యాదే ఈ బొమ్మలో అసలు పనితనమని నా లెక్క.

ఇదంతా ఒక్క రోజులో వచ్చిన చెయ్యి కాదు. మొరాండీ మొదట డ్రాయింగు మాస్టారు. 1914 నుంచి సుమారు పదిహేనేళ్లు బొలోన్యా ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు బొమ్మలు నేర్పాడు. 1930లో అక్కడి లలితకళా అకాడమీలో ఎచింగు బోధించే ఆచార్యుడై 1956 దాకా ఆ పనిలో ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఫొందాజ్జా వీధిలో 36వ నంబరు ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఉండేవాడు. పడకగదే పనిగది. ఆ గదిలోకి పోవాలంటే చెల్లెళ్ల గది దాటుకుని పోవాలి.

ఆ గదినిండా సామాన్లు. సీసాలు, జాడీలు, కిరసనాయిలు దీపాలు, రేకు డబ్బాలు, గరాట్లు. ఏవీ ఖరీదైనవి కావు, పాత సామాన్ల అంగళ్లలో దొరికేవే. వాటిని తెచ్చి ఆయన ఏం చేసేవాడన్నది ఈ పెన్సిల్ బొమ్మలు అర్థం కావడానికి ముఖ్యం. లేబుళ్లు పీకేసేవాడు. డబ్బాలకు మెరుపు లేని రంగు పూసేవాడు. గాజు సీసాల లోపల రంగు పోసేవాడు, వెలుతురు గాజులోంచి దూసుకుపోకుండా, తళుక్కుమనకుండా. దుమ్ము పడితే తుడవనిచ్చేవాడు కాదు. ఆ ఇంటికి వెళ్లొచ్చిన కళాచరిత్రకారుడు జాన్ రివాల్డ్ అన్నిటి మీదా మెత్తగా పేరుకున్న ఆ దుమ్మును ప్రత్యేకంగా వర్ణించాడు. దీన్ని కళాకారుడి చాదస్తంగా చెప్పుకుని నవ్వుకునేవాళ్లున్నారు. ఇది చాదస్తం కాదు, పని. మెరుపు, అక్షరాలు, పారదర్శకత అన్నీ తీసేస్తే వస్తువులో మిగిలేది ఆకారం, అది పక్కదానికి ఎంత దూరంలో ఉందన్న లెక్క. కాగితం మీద గీత తక్కువగా పడడానికి కారణం, తీసేయాల్సిందంతా ముందే వస్తువు మీద తీసేసి ఉండడం.

అమరికకు రోజులు పట్టేవి. ఆ గదిలో వేరువేరు ఎత్తుల్లో బల్లలు ఉండేవి. బల్లమీద కాగితం పరిచి, దాని మీద వస్తువులు పెట్టి, ఒక్కొక్కటి ఎక్కడ నిలబడిందో దాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీసుకునేవాడు. వస్తువును కాస్త జరిపితే ఇంకో గీత. అలా ఒకదాని మీదొకటిగా గుండ్రాలూ నలుపలకలూ పడ్డ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పెన్సిల్ బొమ్మలో దిగకముందే బల్లమీద చాలా పని చేసిందన్నమాట. ఒక డబ్బాను వేలెడంత పక్కకు జరపడానికి గంటలు ఆలోచించే మనిషికి ఆ డబ్బా అంచు ఎక్కడుందో కాగితం మీద వెతుక్కోవాల్సిన పని ఏముంటుంది?

పెన్సిల్ గురించి ఒక మాట. మనం సీసం అంటాం గానీ పెన్సిల్లో సీసం లేదు, అది గ్రాఫైట్. ఇంగ్లండులోని బోరోడేల్ గనిలో పదహారో శతాబ్దంలో దొరికిన మేలురకం గ్రాఫైట్ మీద యూరప్ చాలాకాలం ఆధారపడింది. ఇంగ్లండుతో యుద్ధం వచ్చి ఆ సరుకు అందక ఫ్రాన్సు ఇబ్బంది పడ్డప్పుడు, నికొలా జాక్ కాంతే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టి 1795లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి పాలు పెరిగితే గట్టి పెన్సిల్, తగ్గితే మెత్తని పెన్సిల్. మన బళ్ల ముందు కొట్లలో 2బీ, 4బీ, 6బీ అని అమ్మేవి ఆ లెక్క ప్రకారం వచ్చినవే. నూనెరంగు తప్పుల్ని కప్పుకోనిస్తుంది, మీద ఇంకో పూత వేస్తే సరి. పెన్సిల్ గీత అలా కాదు. చెయ్యి ఎంత నొక్కింది, ఎక్కడ తడబడింది, ఎక్కడ వేగం పెంచింది, అన్నీ కాగితం మీద ఉండిపోతాయి. రబ్బరు పెట్టి తుడిచినా కాగితం మీద నొక్కు పోదు.

మొరాండీ చెయ్యి కుదిరింది మాత్రం ఇంతకంటే కఠినమైన పనిలో, ఎచింగులో. రాగి రేకు మీద మైనపు పూత పూసి సూదితో గీకుతారు. గీకిన చోట ఆమ్లం రేకును తింటుంది. ఆ గాడిలో సిరా నిలిచి కాగితం మీద అచ్చవుతుంది. వేలితో పులమడం కుదరదు. నలుపు కావాలంటే గీత పక్కన గీత, దాని మీద అడ్డంగా ఇంకో వరస. ఆయన 1920ల చివర్లో, 30ల మొదట్లో చేసిన ఎచింగులు చూస్తే బొమ్మంతా ఇలాంటి అల్లికే. వస్తువు అంచు గీయకుండా, ఒక అల్లిక ఆగి ఇంకో అల్లిక మొదలైన చోటే అంచు అని మనం తెలుసుకునేలా చేస్తాడు. ముప్పయ్యేళ్ల తర్వాత పెన్సిల్ పట్టుకున్నప్పుడు ఆ అల్లిక చాలావరకు రాలిపోయింది. ఎక్కడో ఒక డబ్బా పక్క వాలుగా నాలుగు గీతలు, అంతే. పులిమిన జాడ కనిపించదు. గీత వణికినట్టు ఉంటుంది, నిజమే. డెబ్బయ్యేళ్ల చెయ్యి కదా అంటారు కొందరు. నేనొప్పుకోను. నలభై ఏళ్లప్పుడు రాగి మీద గీసిన గీత కూడా స్కేలు పెట్టినట్టు ఎప్పుడూ లేదు. సీసా అంచు గీస్తూ అవతలి ఖాళీని కూడా చూసుకుంటూ పోయే గీత నిటారుగా దూసుకుపోదు.

మన దగ్గర డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారైనవాళ్లకు వస్తువు గీసే వరస బాగా తెలుసు. ముందు లేతగా అవుట్‌లైను, కొలతలు సరిచూసుకోవడం, తర్వాత వెలుగు వైపు వదిలి నీడ వైపు షేడింగు, చివర్లో నేలమీద పడ్డ నీడ. ఇది మంచి చదువే, నేను తీసిపారెయ్యను. మొరాండీ కూడా పిల్లలకు నేర్పిన పదిహేనేళ్లలో ఇలాంటిదే నేర్పి ఉంటాడేమో. నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగేదాని మీద. ఇత్తడి చెంబు మీద మెరుపు, గ్లాసు మీద నీటిచుక్క, స్టీలు గిన్నెలో కిటికీ ప్రతిబింబం గీసిన పెన్సిల్ బొమ్మలు రోజూ ఫోన్లలో వచ్చి పడుతున్నాయి. కింద అందరూ రాసేది ఒకే మాట: ‘అచ్చం ఫోటోలా ఉంది!’ ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ బొమ్మ ముందు కూర్చున్నవాడికి చెయ్యడానికి పనేం మిగలదు. అంతా వాళ్లే చేసి పెట్టేశారు. మొరాండీ ఏరికోరి తుడిచేసిన ఆ మెరుపే ఇక్కడ మొత్తం బొమ్మను మోస్తోంది.

గీతల పొదుపు అనగానే తెలుగువాళ్లకు బాపు గుర్తొస్తాడు. రావాలి కూడా. కానీ ఈ రెండు పొదుపులూ వేరు. బాపు గీత ఒక్క విసురులో తేల్చేస్తుంది: ఇదిగో జడ, ఇదిగో కన్ను, ఇదిగో మూతివిరుపు. దాన్ని చూసి ఇంకోలా అనుకోవడానికి లేదు, ఆ ధైర్యమే దాని అందం. మొరాండీ గీత తేల్చదు. ఇది సీసానా, సీసా పక్క ఖాళీనా అని అడిగితే రెండూ అంటుంది. బాపుకు కథ కావాలి, మనుషులు కావాలి. మొరాండీకి డబ్బా పక్కన ఇంకో డబ్బా ఉంటే చాలు.

ఈ చివరి మాటకు గట్టి ఆధారం ఒకటి ఉంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ జోయెల్ మయరోవిట్జ్ 2015లో మొరాండీ ఇంటికి వెళ్లి, ఆయన వాడిన బల్లమీదే, ఆయన సామాన్లను ఒక్కొక్కటిగా పెట్టి ఫోటోలు తీశాడు. రెండు వందలకు పైగా వస్తువులు. చక్కటి ఫోటోలు. సొట్టలు, తుప్పు, దుమ్ము, లోపల ఎండి పగిలిన రంగు, అన్నీ కనిపిస్తాయి. అయినా వాటిలో మొరాండీ బొమ్మ ఒక్కటీ కనబడదు. ఫోటోలో వస్తువు ఉంది, పక్కవస్తువు లేదు. మయరోవిట్జ్ తప్పేం లేదు, ఆయన వెతుక్కున్నది ఒక్కొక్క వస్తువునే. మొరాండీ గీసిందల్లా పక్కన ఉండడాన్ని. అది లేకుండా ఆ సీసా ఒట్టి పాతసీసా.

ఆయన్ని సన్యాసిగా, లోకంతో పనిలేని మౌనిగా చెప్పడం ఒక ఆనవాయితీ అయిపోయింది. వినడానికి బాగుంటుంది గానీ పూర్తి నిజం కాదు. నొవెచెంతో అనే కళాకారుల బృందం పెట్టగా 1926లో ముస్సోలినీ ప్రారంభించిన ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. 1943లో ఫాసిస్టు వ్యతిరేకులతో పరిచయాల కారణంగా కొద్దిరోజులు జైల్లో ఉన్నాడు. 1948 వెనిస్ బియెనాలే కళాప్రదర్శనలో బహుమతి వచ్చింది, 1957లో సావో పాలో బియెనాలేలో చిత్రకళకు పెద్ద బహుమతి వచ్చింది. దేశం దాటి వెళ్లింది మాత్రం మొదటిసారి 1956లో, అదీ పక్కనున్న స్విట్జర్లాండుకు. 1960లో విడుదలైన ఫెల్లీనీ సినిమా ‘లా డోల్చే వీటా’లో ఒక మేధావి ఇంటి గోడ మీద మొరాండీ బొమ్మ వేలాడుతుంది. అప్పటికే ఆయన పేరు నాగరికతకు గుర్తైపోయిందన్నమాట. ఇన్ని తెలిశాక ఆ పెన్సిల్ కాగితాల నిశ్శబ్దం అమాయకత్వంలోంచి వచ్చిందని అనుకోలేం. అది తెలిసి ఎంచుకున్నది.

అన్నీ గొప్పవేనా అంటే, కాదు. కొన్ని కాగితాల్లో గీతలు మరీ పలచబడి, బొమ్మ మోయాల్సిన బరువంతా చూసేవాడి మీద పడుతుంది. ఇంకొన్ని అలవాటుగా గీసినట్టున్నాయి, పొద్దున్నే చేసే సాధకంలా. పెద్దపేరు వచ్చినవాడి చెత్తకాగితాన్నీ చట్రం కట్టి అమ్మే కాలం కాబట్టి ఆ తేడా ఎవరూ చెప్పరు. చూసేవాళ్లే తేల్చుకోవాలి. నేను చూసే పద్ధతి ఒకటే. ఉమ్మడి గీత మీద వేలుపెట్టి అది ఎవరిదో తేల్చుకోవడానికి ప్రయత్నిస్తాను. తేలితే అది మామూలు బొమ్మ. తేలకుండా నన్ను అటూ ఇటూ తిప్పితే మంచిది.

ఫోనులో పెద్దది చేసి చూస్తే ఈ బొమ్మలు చెడిపోతాయి. గీత లావెక్కుతుంది, ఖాళీ గీతకు దూరమైపోతుంది. అచ్చు పుస్తకాల్లోనూ లేత బూడిదరంగు గీతను బాగా కనబడాలని నల్లగా చేసేస్తారు. అసలు పరిమాణంలో, మూరెడు దూరం నుంచి చూడాలి. ఇటలీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇది చదువుతుంటే వాళ్లకో విన్నపం. బొలోన్యాలో మొరాండీ మ్యూజియం 1993లో మొదలైంది, 2012 నుంచి ‘మాంబో’ అనే ఆధునిక కళల మ్యూజియం భవనంలో ఉంటోంది. ఫొందాజ్జా వీధిలోని ఇంటిని కూడా 2009 నుంచి చూడనిస్తున్నారు. తైలవర్ణాలు చూసి వచ్చేయకండి, పెన్సిల్ బొమ్మలు ఎక్కడున్నాయని అడగండి. కాగితం వెలుతురుకు పాడవుతుంది కాబట్టి మ్యూజియాలు ఇలాంటివాటిని ఎప్పుడూ గోడమీద ఉంచవు, వంతులవారీగా బయట పెడతాయి. రైలు టికెట్ తీసుకునే ముందు ఒక మెయిలు పెట్టి కనుక్కుని వెళ్లండి.